ఖాళీ బండికి బరువు

"మూటలు దించు పెద్దాయనా. ఈరోజు ఎక్కించుకోను."

డ్రైవరు సీట్లోంచి దిగకుండానే అన్నాడు. ముసలాయన అప్పటికే ఒక మూట పికప్ వెనక పెట్టేశాడు. రెండోది ఇంకా భుజం మీదే ఉంది.

"ఏమైంది బాబూ?"

"మా బావకి తెలిసింది. ఊరికే ఎక్కించుకుంటే ఊరుకోనన్నాడు."

అది సగమే నిజం. మిగతా సగం డ్రైవరు విసుగు. కొండ మీద కడుతున్న ఇళ్ళకు ఇటుకలు చేరవేసి దిగేటప్పుడల్లా ఈయన తయారు. నిండు బండి జోలికి రాడు, ఖాళీ బండే కావాలి. డబ్బివ్వడు సరికదా, వెంట రెండు మూటలు. పైగా సలహాలు.

"వెనక చక్రాల మీది కమాను కట్టలో ఇనుప పట్టీలు ఎక్కువైపోయాయి బాబూ. ఓ రెండు తీయించు. ఖాళీగా దిగుతుంటే వెనక చక్రాలు రోడ్డు మీద నిలవడం లేదు, ఎగురుతున్నాయి."

"తీయిస్తే ఇటుకలు నువ్వు మోస్తావా?"

పట్టీలు ఎక్కువ ఉన్నాయనే బావ ఏరికోరి ఈ పాత పికప్ కొన్నాడు. ఎంత వేసినా వంగదని అందరికీ చెప్పుకుంటాడు. బండి బావది. ఊరికి కొత్తగా వచ్చిన డ్రైవరు పడుకునే గది బావది. అన్నం అక్కే వడ్డించినా అదీ బావదే. అలాంటివాడికి నోరెక్కడిది? వేరే పని చూసుకుంటానని ఒకసారి అంటే అక్క ఏడ్చి పస్తు పడుకుంది.

డ్రైవరు దిగి, మూట కిందికి తోసేసి బండి కదిలించాడు. ముసలాయన చెయ్యి ఊపుతూ ఏదో అంటున్నాడు. డ్రైవరు అద్దం వైపు చూడటం మానేశాడు.

సన్నగా తుంపర పడుతోంది. మొదటి పెద్ద మలుపులో బ్రేకు నొక్కగానే బండి వెనక భాగం ఎగిరి పక్కకు జారింది. స్టీరింగు ఎటు తిప్పినా మాట వినలేదు. రోడ్డు అంచు పిట్టగోడ విరిగింది.

కళ్ళు తెరిచేసరికి ముందు చక్రాల కింద రోడ్డు లేదు. ఎక్కడో లోతున చెట్ల కొమ్మలు కనిపిస్తున్నాయి. డ్యాష్‌బోర్డు నలిగి కాలు ఇరుక్కుంది. తలుపు వైపు కాస్త ఒరిగితే చాలు, బండి మొత్తం ముందుకు ఊగుతోంది. అరవాలన్నా భయమే. ఊపిరి కూడా ఆచితూచి పీల్చాడు.

వెనక ఏదో బరువుగా పడింది. ఊగడం తగ్గింది. ఇంకొకటి పడింది.

"కదలకు బాబూ."

పగిలిన వెనక అద్దంలోంచి గొంతు వినిపించింది. తల తిప్పే ధైర్యం లేదు.

"పెద్దాయనా?"

"నేనే. మూటలు మోసుకుంటూ నీ వెనకే వచ్చాను. నేనూ ఎక్కుతున్నాను. గట్టిగా పట్టుకో."

బండి ముందు భాగం కొంచెం పైకి లేచింది.

"ఏముంది ఆ మూటల్లో?"

"ఇసుక."

"రోజూ ఇసుకేనా?"

"ఖాళీగా దిగే బండికి వెనక బరువుండాలి. పట్టీలు తీయించమంటే తీయించవు. మరేం చెయ్యను?"

సిగ్గుతో తల దించుకుందామన్నా కదలడానికి లేదు.

"మీరు దిగిపోండి. జారితే మీరూ పోతారు."

"దిగితేనే జారుతుంది. కిందికి చూడకు. ఏదైనా మాట్లాడు. మీ బావ గురించి చెప్పు."

"ఆయన పేరెత్తితే బండే దూకేస్తుంది."

వెనక చిన్న నవ్వు వినిపించింది. బండి ఊగింది. నవ్వు అక్కడే ఆగిపోయింది.

చాలాసేపు ఆ దారిన ఎవరూ రాలేదు. కాలు మొద్దుబారిపోయింది. డ్రైవరు శబ్దం రాకుండా ఏడ్చాడు.

"భయంగా ఉంది పెద్దాయనా."

"నాకూ ఉంది. ఉండనీ."

"బయటపడితే ముందు ఆ పట్టీలు తీయిస్తాను. బావ గెంటేసినా సరే."

"మాటేనా?"

"మాటే."



చివరికి ఒక లారీ వచ్చింది. గొలుసు కట్టి వెనక్కి లాగారు. జనం మూగారు. ఎవరో కాలు విడిపించారు, ఎవరో ఎత్తుకెళ్ళి వ్యానులో పడుకోబెట్టారు. గుంపులో ఆ ముఖం కోసం వెతికాడు. కనబడలేదు.

ఆస్పత్రికి బావ వచ్చాడు. ముందు బంపర్ గురించి బాధపడి, ఆ తర్వాత కాలు ఎలా ఉందని అడిగాడు.

చంకలో కర్రలతో నిలబడగలిగిన రోజునే డ్రైవరు బండి ఉన్న మెకానిక్ షెడ్డుకు వెళ్ళాడు.

"అన్నా, ఆ పట్టీలు తీసెయ్యి. బావతో నేను మాట్లాడుకుంటాను."

"ఎప్పుడో తీసేశారు. చూసుకో."

కమాను కట్ట పలచబడింది. కొత్త బుష్‌లు, కొత్త షాకబ్జర్లు, మలుపుల్లో బండి ఒరగకుండా అడ్డంగా ఒక కడ్డీ. డ్రైవరు వెనక భాగాన్ని చేత్తో నొక్కాడు. మెత్తగా దిగి, లేచి, కుదురుగా నిలిచింది.

"ఎవరు చేశారు?"

"నువ్వు ఎక్కించుకోని పెద్దాయనే. నన్ను చెయ్యి పెట్టనివ్వలేదు. నువ్వు మాటిచ్చావట కదా, నీ కాలు బాగయ్యేదాకా ఆగడమెందుకన్నారు."

"ఎక్కడున్నారిప్పుడు?"

"నిన్ననే ఊరు వదిలి వెళ్ళిపోయారు. ఇక ఇక్కడ పనేం లేదన్నారు."

"ఆయనకు ఈ పనంతా ఎలా తెలుసన్నా?"

మెకానిక్ చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"ఈ షెడ్డు ఆయనదే. నాకు పానా పట్టుకోవడం నేర్పింది ఆయనే. కొండెక్కే బండ్లన్నిటికీ బరువు ఆగాలని ఆ పట్టీలు వేసిందీ ఆయనే. తర్వాత ఒక్కొక్కరి వెంటా పడి తీయించారు. ఒప్పుకోనివాళ్ళ బండ్లలో ఇసుక మూటలతో కూర్చున్నారు. నీది ఆఖరి బండి."

"తీయించడం ఎందుకు మొదలుపెట్టారు?"

"అందరికంటే ముందు పట్టీలు వేసిన బండి ఖాళీగా దిగుతూ, నువ్వు జారిన మలుపులోనే లోయలో పడిపోయింది. నడుపుతున్నది ఆయన కొడుకు."