నీళ్ళోసుకున్న విమానం

ఖతార్‌లోని దుఖాన్ బీచ్‌లో మోకాలిలోతున నిలబడి, తాను చేసిన చెక్క విమానాన్ని నీళ్ళమీద వదిలాడు ఆదిత్య. చక్రాలుండాల్సిన చోట దానికి రెండు బోలు పడవలున్నాయి.

ఒడ్డున కూర్చున్న భార్యకు కథ చెప్పడం మొదలుపెట్టాడు.

"పందొమ్మిదివందల ఇరవైల్లో వీటికి పందేలుండేవి భరణీ. ఇది ఒక ఎయిర్‌ఫోర్స్ టీమ్ విమానానికి నమూనా. పందేనికి ముందు గంటల తరబడి సముద్రంమీద కట్టేసి ఉంచారు. పడవల్లోకి నీళ్ళు కారాయి. తోడెయ్యకూడదు, ఆ బరువు మోస్తూనే ఎగరాలి. అదీ రూలు."

"అయితే విమానం నీళ్ళోసుకుందన్నమాట!"

ఇద్దరూ పకపకా నవ్వారు. ముందు ఆగింది భరణి నవ్వే.

ఆ మాటే మొన్న వేసవిలో వాళ్ళమ్మ ఊళ్ళో ఇంటింటికీ వెళ్ళి చెప్పుకుంది, మా భరణి నీళ్ళోసుకుందని. దోహా ఆసుపత్రి నుంచి ఒట్టిచేతులతో తిరిగొచ్చాక భరణి నవ్వడం ఇదే మొదటిసారి.

ఆదిత్య గబగబా విమానాన్ని ఒడ్డుకు తెచ్చాడు. పడవల్లో నీళ్ళు గలగలమన్నాయి. పారబొయ్యడానికి వంచబోయాడు.

భరణి రెండు చేతులా అందుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"వద్దండీ. దాన్నైనా మొయ్యనివ్వండి."