చలిగాలి మొక్క

"మళ్లీ రెండాకులు రాల్చిందయ్యా నువ్విచ్చిన ఆర్కిడ్! మా ఆవిడ దాన్ని చంటిపిల్లలా సాకుతోంది," అని నర్సరీకి వెళ్లి అక్కడి ఆయన మీద విరుచుకుపడ్డాను.

"అది చలి మొక్క మాస్టారూ. రాత్రిళ్లు చల్లగాలి తగలకపోతే ఆకు నిలవదు. కిటికీ తీస్తున్నారా?"

"పడుకునే ముందు ఆవిడే బార్లా తీస్తుంది."

"మరి ఎందుకు రాలుతున్నాయండీ?"

"ఆవిడ నిద్రపోగానే నేను మూసేస్తున్నాను కాబట్టి. చలిగాలి తగిలితే ఆవిడకు తెల్లవార్లూ దగ్గే. ఊపిరితిత్తులు జాగ్రత్తన్నాడు డాక్టరు. పొద్దున్నే రాలిన ఆకు చేత్తో పట్టుకుని, 'ఎందుకు రాలిందండీ?' అంటుంది. ఏం చెప్పను? నిన్ను తిడతాను."

ఆయన నోరెళ్లబెట్టాడు. నేను గొంతు తగ్గించాను.

"అచ్చం అలాంటి పువ్వే పూస్తూ, వెచ్చగా బతికే మొక్క ఏదైనా ఉంటే, ఆవిడకు తెలీకుండా..."

"ఏమండోయ్!" నర్సరీ గేటు దగ్గర ఆగిన మా ఆవిడ కేకేసింది. "పాపం ఆయన్నెందుకు తిడతారు? ఆయన తప్పేం లేదని నాకు ఎప్పుడో తెలుసు. ఇక రండి!"