తమ్ముడి బండి

“వద్దన్నా, నా మాట విను. దొరికితే నీ బండీ పోతుంది, నా బండీ పోతుంది,” అన్నాడు గంగాధర.

ఈరన్న వినలేదు. స్క్రూడ్రైవరు పట్టుకుని తమ్ముడి మోటారుసైకిలు నంబరు ప్లేటు విప్పుతూనే ఉన్నాడు.

“రేపు పొద్దున మీ వదినను డయాలసిస్‌కు తీసకపోవల్ల. ఎఫ్‌సీ లేకుండా ఇంగొకసారి కనపడితే బండి స్టేషన్లో పెడతామని పోలీసోళ్లు చెప్పినారు. నన్నేం చెయ్యమంటావురా? ఆమెను ఇంట్లో పండబెట్టి చూస్తా కూచోమంటావా?”

ఈరన్న బండి మొన్ననే హిందూపురం ఆర్టీవో ఆఫీసులో ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు పరీక్ష తప్పింది. బ్రేకు తొక్కితే ఆగకుండా బ్రేకిన్‌స్పెక్టరు కాళ్ల మీదికే పోయింది. ఆయన మిగతావేవీ చూడకుండా వెనక్కి తోలేశాడు. ఇక పొగ సంగతి చెప్పనక్కర్లేదు, ఇటుకల బట్టీ నయం. అంతకుముందు వారం ధర్మవరం రోడ్డులో ఆగిపోతే, భార్య సోమక్కను కల్వర్టు మీద కూర్చోబెట్టి, కిక్కు కొట్టి కొట్టి ఈరన్న ఏడ్చినంత పని చేశాడు. ఇంజను దింపాలి, నెల పడుతుంది అన్నాడు పెనుకొండ మెకానిక్కు. నెల ఆగడానికి సోమక్కకు ఒంట్లో ఏముంది?

తమ్ముడి బండి అలా కాదు. రోజూ పొద్దున్నే ఎర్రమంచి ఫ్యాక్టరీ దాకా డ్యూటీకి పోయొస్తుంది; ఇంకా పరీక్షకు పోలేదు గానీ, ఒక్క కిక్కుకే పలుకుతుంది. చూడ్డానికి మాత్రం రెండూ ఒకటే. పదిహేనేళ్ల కింద ఒకే షోరూములో, ఒకే రోజు, ఒకే ఎరుపు రంగులో కొన్నారు. నంబర్లు వచ్చాక ఆయుధపూజ నాడు రెండింటినీ పక్కపక్కన నిలబెట్టి, పసుపు కుంకుమలు పెట్టి, టెంకాయ కొట్టి, అన్నదమ్ములే ప్లేట్లు బిగించుకున్నారు. ఇప్పుడు ప్లేటు మారిస్తే పట్టుకునేదెవరు?

“దేవుడుండాడులేరా,” అంటూ ఈరన్న తన ప్లేటు బిగించి తమ్ముడి బండెక్కాడు. దొంగపనికి కూడా దేవుణ్ణే తోడు పిలుచుకోవడం మనకు కొత్తేం కాదు.

హిందూపురం ఆఫీసు ముందు బండ్ల వరుస పెద్దగానే ఉంది. ఎండలో నిలబడి ఉండగా సోమక్క ఫోను చేసింది.

“అయిందా అయ్యా?”

“అవుతాది. నువ్వు పండుకో.”

“కాళ్లు మళ్లా వాచినాయి. పండుకుంటే ఊపిరాడల్లేదు.” అంతలోనే మళ్లీ తనే అంది, “కాకపోతే కాకపాయలే. నువ్వు మాత్రం ఎండలో తిక్కతిక్కగా తిరగొద్దు.”

ఆ మాటకన్నా తిట్టినా బాగుండేదనుకున్నాడు ఈరన్న. ఇంతలో బ్రేకిన్‌స్పెక్టరు పిలిచాడు.

బ్రేకు తొక్కమన్నాడు. బండి ఉన్నచోటే కరుచుకుని నిలబడింది. లైటు వెలిగింది, హారను మోగింది, పొగ జాడే లేదు. ఆయన చుట్టూ తిరిగి టైర్లు చూశాడు.

“మొన్న తెచ్చిన బండేనా ఇది?”

“అదే సార్. రిపేరు చేయిచ్చినా.”

“బాగా చేశాడే మీ మెకానిక్కు! ఇంక చాసిస్ నంబరు ఒక్కటి చూస్తే అయిపోతుంది.”

“అదేమిటికి సార్? నంబరు ప్లేటు మీదుండాది కదా?”

“ప్లేటుదేముందప్పా, స్క్రూడ్రైవరు ఉంటే ఎవడైనా మారుస్తాడు. ఇనుము మీద కొట్టిన నంబరు మారుస్తాడా?”

ఇనుము మీద ఇంకో నంబరు ఉంటుందన్న సంగతి అన్నదమ్ములిద్దరికీ తట్టనే లేదు. ఇన్‌స్పెక్టరు హ్యాండిలు కింద ఉన్న జిడ్డును గుడ్డతో తుడిచాడు. కాగితం అదిమిపట్టి పైన పెన్సిలు రుద్దాడు. ఒక్కొక్క అంకె తేలుతుంటే ఈరన్న ప్రాణం ఒక్కొక్క మెట్టే దిగిపోతోంది. బండి పట్టుకుంటారు. తమ్ముడి మీద కూడా కేసు రాస్తారు. కేసున్నవాణ్ణి ఫ్యాక్టరీలో ఉంచుతారా? వాడి పిల్లల గతేం కాను? రేపు సోమక్కను ఏ ముఖం పెట్టుకుని చూడాలి?

ఇన్‌స్పెక్టరు ఆ కాగితాన్ని ఈరన్న ఆర్‌సీ కార్డు పక్కన పెట్టి చూశాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

అంతే, ఈరన్న ఆయన కాళ్ల మీద పడిపోయాడు.

“తప్పయిపాయె సార్! ఈ బండి నాది కాదు, మా తమ్మునిది. నా బండి ఇంటికాడ పడుండాది. ప్లేటు నేనే మార్చుకోనొచ్చినా. వాడు వద్దు వద్దనే అన్యాడు, నేనే ఇనలేదు. మా ఆడమనిషికి కిడ్నీలు పోయినాయి సార్, దిక్కు తెలీక చేసినా. కేసు నామీద రాయండి, జైలుకు పంపియ్యండి. వాని బండి మటుకు ఇడిచిపెట్టండి సార్, పిల్లలు గలోడు!”

వరుసలో ఉన్నవాళ్లంతా చుట్టూ మూగారు. ఇన్‌స్పెక్టరు కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

“లే, ముందు పైకి లే. తాగినావా?”

“అమ్మతోడు, లేదు సార్.”

ఇన్‌స్పెక్టరు కార్డును మూడోసారి చూశాడు. కాగితంలోని అంకెలన్నీ వేలు పెట్టి ఒక్కొక్కటిగా చదివాడు. చదివి, రెండింటినీ ఈరన్న ముఖం ముందు పెట్టాడు.

“మొదట్లో ఏ ప్లేటు ఏ బండికి బిగించారో, ఇన్నాళ్లూ ఎవరి బండి ఎవరు తోలారో మీ అన్నదమ్ములే చూసుకోండి. కార్డులో ఉన్న నంబరూ, ఇనుము మీదున్న నంబరూ ఒకటే. ఇది నీ బండేనప్పా!”