తొందర లేని మనిషి

పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు జరిగినదానికే పంచాయతీ పడవ నడిపే ఔసేపు ఉద్యోగం పోయింది.

ఆ మధ్యాహ్నం రెండు గంటలకు బడిపంతులు శ్రీకంఠన్ మాష్ సరస్సు రేవుకు వచ్చాడు. చేతిలో కవరు. అందులో అన్ని సబ్జెక్టుల్లోనూ ఏ ప్లస్ తెచ్చుకున్న పిల్లల ఫోటోలు. అవతలి ఒడ్డున దుకాణంలో ఫ్లెక్సీ వేయించి, చీకటి పడేలోగా రేవులో కట్టాలి. ఏటా కడతారు.

పడవ లేదు. ఔసేపూ లేడు.

"ఎన్ని ఫోటోలు మాష్?" టీ కొట్టు మత్తాయి అడిగాడు.

"పన్నెండు."

"పొద్దున పదమూడన్నారు?"

"పన్నెండే."

పదమూడోది ఇంట్లో బల్ల మీద ఉంది. అది ఆయన కూతురు ఆర్ద్రది. ఆమెకు లెక్కల్లో ఏ ప్లస్ తప్పింది. మాష్ కూతురిని ఏమీ అనలేదు. కవరులోంచి ఫోటో తీసి బల్ల మీద పెట్టి, బడికి వెళ్లి అటునుంచి రేవుకు వచ్చాడు.

మాష్ నోటికి చేతులు అడ్డం పెట్టుకుని "కూయ్" అని పిలిచాడు. నీళ్ల మీద నుంచి జవాబు రాలేదు.

"ఎందుకండీ గొంతు పాడుచేసుకోవడం? ఏటా ఈ రోజున కల్లుపాకలోనే ఉంటాడు" అన్నాడు మత్తాయి. "తప్పినవాళ్ల కోసం తాగుతాడో, పాసైనవాళ్ల కోసం తాగుతాడో మరి."

పక్కనే ఉన్న పంచాయతీ మెంబరు సరసమ్మ నవ్వలేదు. "ఈసారి తీసేయిస్తాను. మీరు ఫిర్యాదు రాసివ్వండి మాష్. మీ చేతిరాతకి విలువుంది."

పొద్దు వాలుతుండగా పడవ వచ్చింది. ఔసేపు ఒక్కడే ఉన్నాడు. పంచె మోకాళ్ల దాకా తడిసింది. పడవ అడుగున నీళ్లు కదులుతున్నాయి.

"ఎక్కడికి పోయావు?"

"ఎదురుగాలి మాష్."

ఒడ్డున కొబ్బరాకు కూడా కదలడం లేదు. అందరూ నవ్వారు.

"తాగావా?"

ఔసేపు ఆయన ముఖంలోకి చూశాడు. "ఈ ఒక్క రోజుకీ అలాగే రాసుకోండి."

మాష్ అలాగే రాశాడు. వారం తిరక్కుండా పంచాయతీ పడవను వెనక్కి తీసుకుంది. తెడ్డు అప్పగిస్తూ ఔసేపు ఒక్క మాటే అన్నాడు.

"వచ్చే ఏడు ఈ రోజుకి మాత్రం తొందర లేని మనిషిని పెట్టండి మాష్."

ఎంత పొగరు అనుకున్నాడు మాష్.

ఇంజను పడవ వచ్చింది. బాబు అనే కుర్రవాడు దాన్ని గడియారంలా నడుపుతున్నాడు. ఊరు సంతోషించింది.

ఔసేపు చేర్తల దగ్గర చెల్లెలి ఇంటికి వెళ్లిపోయాడు. ఫిబ్రవరిలో చనిపోయాడు. ఆ కబురు మాష్ భోజనాల దగ్గర మామూలుగా చెప్పాడు.

ఆర్ద్ర చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది.

"ఆయన ఆ రోజు తాగలేదు నాన్నా."

"ఏ రోజు?"

"మా రిజల్టు రోజు."

"నీకెలా తెలుసు?"

"పడవలో నేనున్నాను."

ఆమె పళ్లెంలోకే చూస్తూ చెప్పింది.

"బల్ల మీద నా ఫోటో చూశాను. ఊరి చివరి రేవుకి నడిచి వెళ్లి, అక్కడున్న ఆయన పడవ ఎక్కాను. సరస్సు మధ్యకి తీసుకెళ్లమన్నాను. ఎందుకని అడగలేదు. మార్కులూ అడగలేదు. 'పడవ కారుతోంది తల్లీ, నీళ్లు తోడతావా' అన్నాడు. తోడుతూనే ఉన్నాను. తోడిన కొద్దీ వస్తున్నాయి. బాతుల గురించి చెప్పాడు. మందలోంచి తప్పిపోయిన బాతు పక్కవాడి మందలో గుడ్డు పెట్టి, తిండి వేళకి మాత్రం సొంత మందకి వచ్చేస్తుందట. నవ్వొచ్చింది. అప్పటికి పొద్దు వాలిపోయింది. ఆకలేస్తోందన్నాను. మన పెరటి మెట్ల దగ్గర దింపాడు."

"అంత కారే పడవలో..."

"కారే పడవ కాదు నాన్నా. నేను దిగాక, నడుముకు చుట్టుకున్న గుడ్డ తీసి పడవ అడుగున చిల్లులో మళ్లీ కుక్కాడు. వెళ్లేటప్పుడు దాన్ని లాగేసింది ఆయనే."

మాష్ అడిగాడు. "నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే, పడవెందుకు ఎక్కావని అడుగుతారు కదా."

ఆ ప్రశ్న ఆయన అప్పుడూ అడగలేకపోయాడు.

"నేనొక్కదాన్నే కాదు. ఏటా ఎవరో ఒకరు" అంది ఆర్ద్ర. "మాలో మాకు తెలుసు. పెద్దవాళ్లకే తెలీదు."

మర్నాడు మాష్ చేర్తల వెళ్లాడు. సమాధి దగ్గర ఏం చెప్పాలో కాగితం మీద రాసుకున్నాడు. అక్కడికి వెళ్లాక దాన్ని జేబులోంచి తీయలేదు. చేతులు జోడించి నిలబడ్డాడు. మా అమ్మాయి పదకొండో తరగతి చదువుతోంది అని మాత్రం చెప్పాడు.

తిరిగొచ్చి, మత్తాయి కొట్టులో ఉన్న సరసమ్మను కలిశాడు. తను రాసింది అబద్ధమని మళ్లీ రాసిచ్చాడు.

"ఈ ఏడు ఫ్లెక్సీ వద్దు" అన్నాడు.

"ఊరేమనుకుంటుంది మాష్?"

"అనుకోనివ్వండి. ఆ పాత పడవ ఒక రోజుకి కావాలి."

"నడిపేదెవరు? ఆ రోజు బాబుకి ఊపిరాడదు."

"నేను."

మత్తాయి టీ గ్లాసు కింద పెట్టాడు. "మీరు సుద్దముక్క తప్ప ఏదీ పట్టి ఎరగరు కదండీ."

"నేర్చుకుంటాను."

వేసవి వచ్చింది. ఫలితాలు ఈ శుక్రవారం. మాష్ పడవ ఇంకా తిన్నగా పోవడం లేదు.