సాక్షి సంతకం

"బీపీ సంగతి అలా ఉంచు డాక్టరమ్మా. తలుపేసి కాసేపు నా ఒళ్ళు పట్టు," అంటూ నాంచారయ్య పూర్ణిమ చెయ్యి పట్టుకున్నాడు.

పూర్ణిమ విదిలించి కొట్టింది. ఓపీ చీటీ ముందుకు లాక్కుంది.

"రోగి ఏమడిగితే అది ఆయన మాటల్లోనే రాయాలండీ. మాకు నేర్పిన చదువు అదే."

అతనన్నదీ, చేసిందీ పొల్లు పోకుండా రాసి, బయట బెంచీల దాకా వినపడేట్టు చదివింది.

నాంచారయ్య మొహం మాడిపోయింది. "ఈ ఆసుపత్రికి స్థలమిచ్చిన వంశం మాది! దివిసీమలో ఎక్కడా నీకు ఉద్యోగం లేకుండా చేస్తా. సాక్ష్యం ఏదీ?"

తెర పక్కన ఇంజెక్షన్ ట్రేతో నిలబడ్డ నర్సు కరీమున్నీసా అంతా చూసింది. నాంచారయ్య ఆమె వంక చూసి నవ్వాడు. "ఇదా? నా ఇంట్లో అద్దెకుంటోంది."

"మీరు వెళ్ళండి సిస్టర్, నేను చూసుకుంటాను," అంది పూర్ణిమ.

కరీమున్నీసా కదల్లేదు. "పోయినేడు మాలతి డాక్టరమ్మ కూడా ఈయన మీద ఇలాగే రాసి, నన్ను సంతకం అడిగారండీ. భయపడి పెట్టలేదు. వారం తిరక్కుండా ఆవిడే వెళ్ళిపోయారు."

దోమలు పడక పారిపోయిందని ఊరంతా నవ్వుకునే మాలతి! పూర్ణిమ పెన్ను అందించింది.

కరీమున్నీసా పూర్తి పేరు రాసి, తేదీ, టైమూ వేసింది.

"ఇక లేవండి నాంచారయ్యగారూ. బయట జబ్బు చేసినవాళ్ళున్నారు," అంది పూర్ణిమ.