పదకొండో పేరు

రేపటి పైథాన్ క్లాసు కోసం టాబ్లెట్‌లో చిన్న హాజరు ప్రోగ్రామ్ రాశాను. అది ఒక పేరు పైకి పిలిచి ఆగుతుంది. ఆ పేరున్నవాళ్లు లేచి నిలబడాలి. నేను తెర తాకితే వాళ్లు కూర్చోవాలి, తర్వాతి పేరు రావాలి.

చీకటి పడింది. ఖాళీ క్లాసులో దాన్ని నడిపించి, బల్లమీద పెట్టి, బోర్డు తుడుస్తున్నాను. వెనక పేర్లు వరసగా వినిపిస్తున్నాయి, మధ్యలో ఒకరు లేచి కూర్చునేంత వ్యవధితో. ఆగమనే లైను రాయడం మరిచానేమో, నా మతిమరుపు మండ.

వెళ్లి చూశాను. లైను ఉంది.

పదకొండో పేరు దగ్గర ఆగిపోయింది. తెర తాకడానికి నాకు చెయ్యి రాలేదు.

వాచ్‌మన్ తాళాలతో గుమ్మంలోకి వచ్చి, వెనక బెంచీల వైపు చూశాడు.

"ఆ చివరి అమ్మాయిని కూర్చోమనండి మేడమ్. ఎంతసేపని నిలబడుతుంది, పాపం."