గుహల సామాను

"ఆ నీలం తాడు మాత్రం వద్దు బాబూ. పాతబడిపోయింది, మనిషి బరువు ఆపదు," అంది సూసన్ టీచరు.

ఆవిడ నలభై ఏళ్ళు సెలవులన్నీ గుహల్లోనే గడిపింది. ఇప్పుడు మోకాళ్ళు మొరాయించడంతో తాళ్ళూ, హెల్మెట్లూ, దీపాలూ వాడుకునేవాళ్ళకే ఇద్దామని ఆర్నెల్లుగా వెతుకుతోంది. నందిగామలో ఒక కాలేజీవాళ్ళు అద్దాల బీరువాలో పెడతామంటే ఒప్పుకోలేదు. చివరికి జగ్గయ్యపేట దగ్గరి సున్నపురాయి గని నుంచి సేఫ్టీ ఆఫీసరు కిషోర్‌బాబు జీపులో వచ్చాడు.

"పోయినేడు గోతిలో పడ్డ మనిషిని సరైన సామాను లేక ప్రాణాలతో తేలేకపోయామండి," అన్నాడతను.

ఇంతకన్నా మంచి చోటు దొరకదనుకుంది టీచరు. "మీ గని ఎటువైపు?" అని సంతోషంగా అడిగింది.

"చింతలబోడు కొండ వెనకాలండి."

హెల్మెట్ తుడుస్తున్న ఆవిడ చెయ్యి ఆగిపోయింది. "అక్కడో గుహ ఉండాలే. నేను మొట్టమొదట దిగింది అందులోనే."

"ఉండేదండి. అక్కడ రాయి మేలురకమని పేల్చేశారు." అతను తల దించుకున్నాడు. "ఆ మనిషి పడింది కూడా అలా పేల్చిన గోతిలోనేనండి."

టీచరు హెల్మెట్ పక్కన పెట్టింది.

"నేను దిగినప్పుడు ఎనభై అడుగుల లోతుండేది. ఇప్పుడెంత?"

"నూట ఇరవైయండి."

"అయితే ఒక్క తాడు చాలదు," అంటూ ఆవిడ రెండు తాళ్ళు అందుకుంది. "కూర్చో. కలిపి ముడెయ్యడం నేర్పిస్తా."